వండేలియాలో నాన్న అడిగిన ప్రశ్న

"మరి ఈ ఊరోళ్లకేమిచ్చారంట?"

2023 జులైలో, అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో వండేలియా అనే చిన్న ఊళ్లో, ఓ రెండంతస్తుల తెల్లటి పాత భవనంలో నిలబడి మా నాన్న అడిగిన ప్రశ్న ఇది. అప్పటికి గంట నుంచీ ఆయనకు అబ్రహాం లింకన్ గురించి చెప్తున్నాను. ప్రెసిడెంట్ లింకన్ గురించి కాదు, ఎమ్మెల్యే లింకన్ గురించి. చెప్పుకుంటూ పోయి రాజధాని తరలిపోయిన ఘట్టం దగ్గరికి వచ్చానో లేదో, నాన్న నన్ను ఆపి అది అడిగాడు.

నా దగ్గర సమాధానం ఉంది. కానీ చెప్పడానికి నోరు రాలేదు. ఎందుకో తెలియాలంటే ముందు మా సంగతి రెండు ముక్కలు చెప్పాలి.

అమరావతి కోసం భూములిచ్చిన 29 ఊళ్లలో మాదొకటి. కృష్ణ ఒడ్డున మాకు రెండెకరాల జరీబు ఉండేది. అరటి, కంద, పసుపు. ఏడాది పొడుగునా చేను ఖాళీగా ఉండేది కాదు. బోరు పక్కన ఓ వేపచెట్టు, దాని కింద నులక మంచం. 2015 మొదట్లో నాన్న 9.3 ఫారం మీద సంతకం పెట్టాడు. అంటే పూలింగ్‌కి ఒప్పుకుంటున్నానని. అదే ఏడాది నేను ఇంజినీరింగ్‌లో చేరాను. జరీబు ఎకరానికి ఏడాదికి 50 వేల కౌలు, ఏటా 5 వేల పెంపు, పదేళ్లపాటు. దాంతోపాటు ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలం, 450 గజాల కమర్షియల్ స్థలం. నా కాలేజీ ఫీజు చాలామటుకు ఆ కౌలు డబ్బులోంచే వెళ్లింది. నేను చదివిన ప్రతి సెమిస్టర్ కింద మా పొలం ఉందన్నమాట. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. ఆ తర్వాత ధర్నాలు, కోర్టులు మీకూ తెలుసు. అమ్మానాన్నలు మా దగ్గరికి వచ్చేనాటికి ఏదీ తేలలేదు. పొలంలో తుమ్మచెట్లు మనిషెత్తు లేచాయి.

నేనుండేది బ్లూమింగ్టన్‌లో. ఇన్సూరెన్స్ కంపెనీల పుణ్యమా అని మనవాళ్లు బాగా చేరిన ఊరది. వారాంతం వస్తే కరివేపాకు కోసం క్యూ కట్టేంత మంది ఉన్నాం. ఇల్లినాయ్‌లో ఏ మూలకి వెళ్లినా లింకన్ తగులుతాడు. కార్ల నంబర్ ప్లేటు మీద కూడా ఆయన పేరే. అలా తగిలీ తగిలీ ఓ శీతాకాలం ఆయన మొదటి రోజుల గురించి చదవడం మొదలుపెట్టాను. లింకన్ అనగానే మనకు గడ్డం, పొడుగు టోపీ, బానిసత్వం రద్దు, కాల్పులు. ఆ గడ్డానికి ముందు పాతికేళ్ల కథ ఉంది. అది చదువుతుంటే ఏ గుంటూరు జిల్లా రాజకీయమో చదువుతున్నట్టే ఉంటుంది.

1832లో న్యూ సాలెం అనే కుగ్రామం నుంచి మొదటిసారి రాష్ట్ర శాసనసభకు పోటీ చేసి ఓడిపోయాడు. కానీ సొంత ఊళ్లో 300 ఓట్లకు 277 ఆయనకే పడ్డాయి. రాజకీయాల్లో ఇంతకన్నా మంచి రెజ్యూమే ఉండదు. 1834లో గెలిచాడు. వయసు 25. అప్పటికి పెట్టుకున్న కొట్టు మునిగిపోయింది, నెత్తిన అప్పులు. సర్వేయర్ పని చేసుకుంటూ బతుకుతున్నాడు. సభకు వెళ్లడానికి ఒంటిమీదికి మంచి బట్టల్లేవు. ఊళ్లో ఓ పెద్దమనిషి దగ్గర 200 డాలర్లు చేబదులు తీసుకుని, అందులో 60 పెట్టి సూటు కుట్టించుకుని, గుర్రబ్బండిలో వండేలియా చేరాడు. అప్పటికి ఇల్లినాయ్ రాజధాని వండేలియానే. ఎమ్మెల్యే జీతం రోజుకు 3 డాలర్లు.

లా చదవడం మొదలైందీ ఆ రోజుల్లోనే. తోటి ఎమ్మెల్యే జాన్ టాడ్ స్టువార్ట్ లాయరు. నీ బుర్రకు ఇది సరిపోతుంది, చదువు అని పుస్తకాలు అరువిచ్చాడు. లింకన్ బడికి వెళ్లింది మొత్తం కలిపినా ఏడాది కూడా ఉండదు. లా కాలేజీ లేదు, కోచింగ్ లేదు. సర్వే పనికీ సభకీ మధ్య దొరికిన టైములో తనంతట తనే చదువుకున్నాడు. యూట్యూబ్ చూసి కోడింగ్ నేర్చుకున్న మా బ్యాచ్ కుర్రాళ్లు గుర్తొచ్చారు నాకు. మొదటి టర్మ్‌లో పెద్దగా మాట్లాడలేదు కూడా. ఫలానా వాగు మీద టోల్ వంతెన కట్టుకోవడానికి ఫలానా ఆయనకు అనుమతి, ఇలాంటి బిల్లులే. కానీ రాయడం బాగా వచ్చు కాబట్టి మిగతా సభ్యులు కూడా తమ బిల్లులు ఆయన చేత రాయించుకునేవాళ్లు. 1836 సెప్టెంబరులో లాయర్ లైసెన్స్ వచ్చింది.

ఇక అసలు కథ.

వండేలియా రాజధానిగా ఉండాల్సిన గడువు 20 ఏళ్లు. అది 1840తో అయిపోతుంది. తర్వాత ఎక్కడ? 1834లో రాష్ట్రమంతా ఓటు పెట్టి అడిగారు. ఆల్టన్ అనే ఊరు స్వల్ప తేడాతో మొదట వచ్చింది. వండేలియా రెండు, స్ప్రింగ్‌ఫీల్డ్ మూడు. ఆ ఫలితాన్ని ఎవరూ పట్టించుకోలేదు. వండేలియా వాళ్లకు మాత్రం భయం పట్టుకుంది. పాత అసెంబ్లీ భవనం పాడైపోయింది. దాన్ని చూపించే రాజధానిని పట్టుకుపోతారేమోనని 1836 వేసవిలో హడావిడిగా దాన్ని పడగొట్టి కొత్తది కట్టారు. ఖర్చు 16 వేల డాలర్ల దాకా. అందులో ఎక్కువ భాగం ఊళ్లోవాళ్లే సర్దారు. డిసెంబరులో సభ మొదలయ్యేనాటికి గోడల తడి ఇంకా ఆరలేదు.

నేనూ నాన్నా నిలబడింది ఆ భవనంలోనే.

ఆ గోడలు ఆరకముందే వచ్చారు, సాంగమన్ కౌంటీ నుంచి తొమ్మిది మంది. ఇద్దరు సెనేటర్లు, ఏడుగురు ఎమ్మెల్యేలు. ఒక్కొక్కరూ సుమారు ఆరడుగులు. మొత్తం పొడవు 54 అడుగులని లెక్కేసి వాళ్లకు 'లాంగ్ నైన్' అని పేరు పెట్టారు. వాళ్లలో ఎత్తయినవాడు లింకన్. వాళ్ల పని ఒక్కటే: రాజధానిని తమ కౌంటీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు తీసుకెళ్లడం.

అదే సమయంలో రాష్ట్రానికి ఇంకో పిచ్చి పట్టింది. రైలు మార్గాలు, కాలువలు, రోడ్లు, అన్నీ ఒకేసారి కట్టేయాలి. ప్రతి ఎమ్మెల్యేకూ తన ఊరికి రైలు కావాలి. నా బిల్లుకు నువ్వు ఓటెయ్, నీ బిల్లుకు నేనేస్తా. ఏ రైలూ ఏ కాలువా తగలని కౌంటీలు అలిగితే వాటికి ఊరికే పంచడానికి 2 లక్షల డాలర్లు పక్కన పెట్టారు. మొత్తం లెక్క కోటి డాలర్లు దాటింది. మా ఆఫీసులో రిలీజ్ ప్లానింగ్ అచ్చం ఇలాగే ఉంటుంది. ప్రతి టీమ్ ఫీచరూ లిస్టులో ఉంటుంది, మొత్తం గంటలెన్నో కూడినవాడు ఉండడు. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్లెవరని ఆ సభలో అడిగినవాళ్లు కొద్దిమందే. గవర్నర్ వద్దన్నాడు. వినలేదు.

లాంగ్ నైన్ ఈ రెండింటినీ ముడిపెట్టారని చాలాకాలంగా ఉన్న మాట. మీ రైలుకు మా తొమ్మిది ఓట్లు, మా రాజధానికి మీ ఓట్లు. పాల్ సైమన్ అని, తర్వాతి రోజుల్లో ఇల్లినాయ్ సెనేటర్ అయిన ఆయన, తనూ ఆ రాష్ట్ర శాసనసభలోనే పనిచేస్తున్నప్పుడు లింకన్ సభా జీవితం మీద ఓ పుస్తకం రాశాడు. ఓట్ల లెక్కలన్నీ తిరగేసి, బేరం జరిగిందనడానికి ఆధారాలు అంత గట్టిగా లేవన్నాడు. కావచ్చు. కానీ తొమ్మిది ఓట్లు ఒకే మూటగా చేతిలో ఉంటే బేరం నోటితో ఆడాల్సిన పనేముంది? అందరికీ కనపడుతూనే ఉంటుంది కదా. ఇది నా అభిప్రాయం.

మధ్యలో ఓసారి స్ప్రింగ్‌ఫీల్డ్ బిల్లు ఒక్క ఓటు తేడాతో మూలనపడింది. ఇంకెవరైనా అయితే సర్దుకుని ఇంటికి పోయేవాళ్లు. లింకన్ రాత్రికి రాత్రి తనవాళ్లను కూచోబెట్టి, ఎవరు మెత్తబడతారో, ఎవరు ఆ రోజు సభకు రాలేదో లెక్క తీసి, మనుషుల్ని పంపించి, మర్నాడు దాన్ని మళ్లీ పైకి తెచ్చాడు. బిల్లులో షరతులు కూడా ఉన్నాయి. రాజధాని కావాలంటే ఆ ఊరు 50 వేల డాలర్లు చందా ఇవ్వాలి, కట్టడానికి కనీసం రెండెకరాల స్థలం ఇవ్వాలి.

"ఎంత?" అన్నాడు నాన్న.

"రెండెకరాలు."

"ఊరంతా కలిపి రెండెకరాలా!" నాన్న నవ్విన నవ్వు ఆ ఖాళీ హాల్లో గట్టిగా వినపడింది. కింద టేబుల్ దగ్గర కూచున్న పెద్దావిడ ఏమైందోనని మెట్ల దాకా వచ్చి చూసింది.

ఆ తర్వాత వారం రోజుల్లో జరిగినవి వరసగా చెప్తాను. ఈ తేదీలు నేను ఫోన్‌లో నోట్స్‌గా రాసుకుని మరీ వెళ్లాను. 1837 ఫిబ్రవరి 27న రైళ్లూ కాలువల చట్టం పాసైంది. 28న రాజధాని కోసం ఓటింగ్. నాలుగో విడతలో స్ప్రింగ్‌ఫీల్డ్‌కు 73 ఓట్లు వచ్చి గెలిచింది. మార్చి 1న సుప్రీంకోర్టు లాయర్ల జాబితాలో లింకన్ పేరు నమోదైంది. ఆ కోర్టు ఉన్నది ఇదే భవనం కింది అంతస్తులో. మార్చి 3న లింకన్, డాన్ స్టోన్ అనే ఇంకో లాంగ్ నైన్ సభ్యుడు కలిసి సభ రికార్డుల్లో ఒక నిరసన పత్రం పెట్టారు.

ఆ పత్రం సంగతి ఇది. అంతకుముందు జనవరిలో బానిసత్వాన్ని వ్యతిరేకించే సంఘాలను ఖండిస్తూ సభ ఒక తీర్మానం చేసింది. అనుకూలం 77, వ్యతిరేకం 6. ఆ ఆరుగురిలో లింకన్, స్టోన్ ఉన్నారు. ఇప్పుడు బానిసత్వం అన్యాయం మీద నిలబడిందని, చెడ్డ విధానమని రాసి సంతకాలు పెట్టారు. దాన్ని వెంటనే రద్దు చేయాలని ఉద్యమిస్తే చెడు ఇంకా పెరుగుతుందని కూడా అదే కాగితంలో రాశారు. ఇవాళ చదివితే చప్పగా ఉంటుంది. కానీ 77 మంది ఒకవైపున్న సభలో ఆ మాత్రం కూడా ఇంకెవరూ రాయలేదు. బానిసత్వం మీద లింకన్ బహిరంగంగా పెట్టిన మొదటి సంతకం ఇదే.

మరి జనవరిలో తీర్మానమైతే మార్చి దాకా ఎందుకు ఆగారు? రాజధాని ఓటు అయ్యేదాకా ఆగారు. అంతే. ముందే పెడితే దక్షిణపు కౌంటీల ఎమ్మెల్యేల ఓట్లు జారిపోతాయి. మొదటిసారి చదివినప్పుడు నాకిది మింగుడుపడలేదు. మనస్సాక్షికి కూడా టైమింగ్ ఉంటుందా? తర్వాత ఆలోచిస్తే, అసలు పెట్టకుండా ఊరుకోవచ్చు కదా అనిపించింది. రాజధాని వచ్చేసింది, లైసెన్సు వచ్చేసింది, గెలిచిన ఊపులో ఇంటికి పోవచ్చు. 28 ఏళ్ల కుర్రాడికి ఆ కాగితం వల్ల ఒక్క ఓటు కూడా పెరగదు. ఆగాడు, కానీ పెట్టాడు. ఈ రెండిట్లో దేనికి ఎక్కువ మార్కులేయాలో నాకు ఇంకా తేలలేదు. ఇప్పుడు నా వయసూ 28. ఆఫీసు మీటింగుల్లో తప్పని తెలిసీ నోరు మూసుకున్న రోజులు నాకున్నాయి కాబట్టి గట్టిగా తీర్పు చెప్పలేను.

ఏప్రిల్ 15న లింకన్ న్యూ సాలెం వదిలి, అరువు గుర్రం మీద స్ప్రింగ్‌ఫీల్డ్‌కు మకాం మార్చాడు. స్టువార్ట్ పార్టనర్‌గా లాయర్ ప్రాక్టీసు. జాషువా స్పీడ్ అనే కుర్రాడి కొట్టుకెళ్లి మంచం మీదికి పరుపూ దుప్పట్లూ ఎంతని అడిగితే 17 డాలర్లన్నాడు. అంత లేదన్నాడు లింకన్. మేడ మీద నా గదిలో పెద్ద మంచముంది, సర్దుకుందాం రా అన్నాడు స్పీడ్. ఈ కథ అమెరికాలో పిల్లలక్కూడా తెలుసు. నేను చెప్తే నాన్నకు వేరేది పట్టింది.

"ఆగాగు. రాజధాని ఏ ఊరికి తీసుకుపోయాడో ఆయనా ఆ ఊరికే పోయాడా?"

"అవును నాన్నా."

"లాయరా?"

"లాయరే. సుప్రీంకోర్టు కూడా రాజధాని వెంటే వెళ్లింది."

నాన్న తల ఊపాడు. ఆ ఊపడం మా ఊళ్లో రచ్చబండ దగ్గర చూసిందే. మాటలక్కర్లేదు. నేనే లింకన్ తరఫున వకాల్తా పుచ్చుకుని చెప్పుకొచ్చాను: ఆయన అక్కడ ఎకరాలకెకరాలు కొని పెట్టుకోలేదు, పరుపుకే డబ్బుల్లేనివాడు, 50 వేల చందాలో చివరి వాయిదా 16 వేల చిల్లరకు ఊళ్లో 101 మంది పూచీ పడి నోటు రాస్తే అందులో ఆయన సంతకమూ ఉంది. అన్నీ నిజాలే. అంతకుముందు 1836లో, కాలువ వస్తుందనుకున్న చోట 47 ఎకరాలు కొన్నాడన్నదీ నిజమే. అక్కడ హ్యూరన్ అనే ఊరికి ప్లాట్లు కొలిచింది కూడా ఆయనే. కాలువ రాలేదు, ఊరూ రాలేదు. అది మాత్రం నాన్నకు చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి ఇప్పుడు తెలుస్తుంది.

అప్పుడే నాన్న ఆ ప్రశ్న వేశాడు. మరి ఈ ఊరోళ్లకేమిచ్చారంట?

"బిల్డింగ్ ఇచ్చారు నాన్నా. రాజధాని వెళ్లిపోయాక ఈ బిల్డింగ్‌ని కౌంటీకీ ఊరికీ వదిలేశారు. 1933 దాకా ఇందులో కౌంటీ కోర్టు నడిచింది."

నాన్న గోడల వంక చూశాడు. కిటికీల వంక చూశాడు.

"ఆళ్లు కట్టిందేగా!"

వండేలియా వాళ్లు ఊరికే కూచోలేదు లెండి. వాళ్ల ఎమ్మెల్యే విలియం యూయింగ్ అదే ఏడాది జులైలో ప్రత్యేక సమావేశం పెట్టినప్పుడు స్ప్రింగ్‌ఫీల్డ్ బృందాన్ని నిలబెట్టి కడిగేశాడు. రాజధాని కోసం రాష్ట్రాన్ని అమ్ముకున్నారన్నాడు. లింకన్ లేచి అంతకంత అప్పజెప్పాడు. ద్వంద్వ యుద్ధం దాకా వెళ్తుందేమోనని తోటివాళ్లు భయపడ్డారు. 1838లో లింకన్ స్పీకర్ పదవికి నిలబడితే ఓడించింది ఈ యూయింగే. 1840లో మళ్లీ నిలబడితే మళ్లీ యూయింగే. లింకన్‌కు రెండుసార్లు స్పీకర్ కుర్చీ దక్కకుండా చేసినవాడు ఆయన రాజధాని లాక్కున్న ఊరివాడు! నాన్నకు ఈ భాగం బాగా నచ్చింది. ఆ పేరు రెండుసార్లు చెప్పించుకున్నాడు.

రైళ్ల సంగతి ఏమైందంటే, చట్టం పాసైన రెండు నెలలకే దేశమంతా బ్యాంకులు కుదేలయ్యాయి. 1837 ఆర్థిక సంక్షోభం అంటే అదే. అయినా ఇల్లినాయ్ ఆగలేదు. అన్ని మార్గాలూ ఒకేసారి మొదలుపెట్టాలని ఒప్పందం కదా, అక్కడింత గట్టు, ఇక్కడింత గుంట. అప్పు కోటిన్నర డాలర్లకు చేరింది. అప్పటికి రాష్ట్ర జనాభా 5 లక్షలు కూడా లేదు. చివరికి వడ్డీ కట్టడం కూడా ఆపేశారు. మొత్తం పథకంలో చెప్పుకోదగ్గట్టు పూర్తయింది ఒక్క రైలు మార్గం. అది కూడా స్ప్రింగ్‌ఫీల్డ్‌కే. సుమారు 10 లక్షల డాలర్లతో కట్టినదాన్ని 1847లో 21,100 డాలర్లకు వేలంలో అమ్మేశారు. ఇంజన్లు చెడిపోయాక పట్టాల మీద కంచరగాడిదలతో లాగించారట.

లింకన్ అప్పుడు పార్టీ నాయకుడు, ఫైనాన్స్ కమిటీలో పెద్ద తలకాయ. తప్పుకోలేదు. అందరూ నేను ముందే చెప్పానుగా అంటున్న రోజుల్లో కూడా ఆ పథకాన్ని వెనకేసుకొచ్చాడు. 1839లో ఒక ఉపాయం తెచ్చాడు: కేంద్రం దగ్గరున్న ప్రభుత్వ భూములు 2 కోట్ల ఎకరాలు ఎకరం పావు డాలరుకు కొని, డాలరుంపావుకు అమ్మి అప్పు తీర్చేద్దాం. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. కేంద్రం ఒప్పుకోలేదు. మొండితనమా, బాధ్యతా అంటే రెండూ అనుకుంటాను. నేను పట్టుబట్టి డిజైన్ చేసిన ఓ సిస్టమ్ ప్రొడక్షన్‌లో కూలిపోయాక మూడు నెలలు దాన్ని సమర్థిస్తూ ఈమెయిళ్లు రాశాను. అవి ఇప్పుడు చదివితే మొహం కాలుతుంది. నా వల్ల ఒక రాష్ట్రం మాత్రం దివాలా తీయలేదు.

1840 డిసెంబరు 5న జరిగింది ఇంకా తమాషా. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కొత్త భవనం పూర్తికాలేదు, సభ ఒక చర్చిలో నడుస్తోంది. ఆ సమావేశం ముగిసిపోతే స్టేట్ బ్యాంకుకు ఇబ్బంది. నోటు తెచ్చినవాళ్లకల్లా వెండి బంగారాలు లెక్కపెట్టి ఇవ్వాల్సి వస్తుంది. కోరం లేకపోతే ముగించలేరు. అందుకని లింకన్ పార్టీవాళ్లు సభకు రాకుండా, లెక్క చూడటానికి ముగ్గురిని మాత్రం వదిలారు. ప్రత్యర్థులు మనుషుల్ని వెతికి తెచ్చి కోరం నింపేశారు. ఇది గమనించి తలుపు వైపు వెళ్తే తాళం. లింకన్, ఇంకో ఇద్దరు కిటికీలోంచి దూకేశారు. అప్పటికే హాజరు పడిపోయింది. దూకినా లాభం లేదు. ఆయన కాళ్లు అంత పొడుగు, కిటికీలో కూచుంటే నేలకు ఆనేవి, దూకడమేముంది అని ప్రత్యర్థి పత్రికలు ఆడుకున్నాయి. ఈ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే లింకన్‌కు ఇష్టముండేది కాదట.

ఆ నెల తిరగ్గానే ఆయన కుప్పకూలాడు. మేరీ టాడ్‌తో పెళ్లి చెడింది. స్పీడ్ ఊరు వదిలి వెళ్లిపోతున్నాడు. రాష్ట్రం మునిగింది, అందులో తన చెయ్యి ఉంది. 1841 జనవరిలో కొన్నాళ్లు సభకే వెళ్లలేదు. మిత్రులు ఆయన ప్రాణానికి భయపడ్డారు. ఆ నెలలోనే, భూమ్మీద నా అంత దుఃఖితుడు లేడన్నట్టు స్టువార్ట్‌కు ఓ ఉత్తరం రాశాడు. పెళ్లి గురించే అందరూ రాస్తారు. నేను మాత్రం ఆ ఉత్తరాన్ని అప్పుల లెక్క పక్కన పెట్టుకుని చదివాను. 1842లో మళ్లీ పోటీ చేయలేదు. నాలుగు టర్ములతో ఎమ్మెల్యే లింకన్ కథ అయిపోయింది. 1854లో ఒకసారి గెలిచాడు గానీ, అమెరికా సెనేట్‌కు పోటీ చేయాలని కూచోకుండానే వదులుకున్నాడు. మిగతాదంతా లాయర్ లింకన్. ఐదు వేలకు పైగా కేసులు. గెలిపించుకున్న రాజధానిలో, అసెంబ్లీ ఎదురుగా ఆఫీసు.

ఆ రోజు భవనం ఎదురుగా చిన్న పార్కులో కూచుని అమ్మ కట్టిచ్చిన పులిహోర తిన్నాం. అక్కడ బెంచీ మీద కంచు లింకన్ కూచుని ఉంటాడు, పక్కన కూచుని ఫొటో దిగడానికి వీలుగా. నాన్న దిగనన్నాడు. భవనం ముందు నిలబడి దిగాడు. చేతులు వెనక్కి కట్టుకుని, పొలం గట్టు మీద నిలబడ్డట్టు.

సాయంత్రం స్ప్రింగ్‌ఫీల్డ్ మీదుగా వెనక్కొచ్చాం. పాత క్యాపిటల్ భవనం గోధుమరంగు రాయితో, గుమ్మటంతో దర్జాగా ఉంటుంది. ముందు అనుకున్నదానికి రెట్టింపు ఖర్చయింది దానికి. 1858లో లింకన్ తన అత్యంత ప్రసిద్ధ ప్రసంగాల్లో ఒకటి చేసింది అందులోనే, 1865లో ఆయన శవాన్ని జనం చూడటానికి పెట్టింది అందులోనే. 2007లో ఇంకో లాయరు, ఇంకో ఇల్లినాయ్ శాసనసభ్యుడు, ఒబామా అధ్యక్ష పదవికి పోటీ చేస్తానని చెప్పిందీ దాని ముందే. కారు దిగుతావా నాన్నా అంటే, చీకటి పడతాంది, అమ్మకి కాళ్లు నొప్పులంటంది, పోదాం పా అన్నాడు.

2024లో ఎన్నికలయ్యాయి. ఆగస్టులో అమరావతిలో తుమ్మచెట్లు కొట్టే పని మొదలైంది. 2025 మే 2న ప్రధాని వచ్చి పనులను మళ్లీ ప్రారంభించారు. ఆ తుమ్మచెట్లు కొట్టే రోజుల్లోనే ఓ పొద్దున నాన్న వీడియో కాల్ చేశాడు. ఇక్కడ రాత్రి. పొలం దగ్గర ఉన్నానన్నాడు. ఇప్పుడది మా పొలం కాదు, మాకొచ్చే ప్లాట్లు వేరే చోట. ఆ మాట నేనూ అనలేదు, ఆయనా అనలేదు. ఫోన్ చుట్టూ తిప్పి చూపించాడు. చాన్నాళ్ల తర్వాత నేల కనపడుతోంది, నల్లగా. దూరంగా ఏదో మిషన్ తిరుగుతున్న చప్పుడు.

"ఆ ఊరి పేరేందిరా, బిల్డింగ్ మిగిలినోళ్లది?"

"వండేలియా."

"ఆ, వండేలియా. మొన్న టీ కొట్టు కాడ చెప్పా మనోళ్లకి. ఇరవయ్యేళ్ల గడువని ముందే రాసుకున్నారంటే నమ్మలా ఎవురూ."

బోరు దగ్గర వేపచెట్టు ఉందా అని అడిగాను. కెమెరా అటు తిప్పాడు. మొదలు ఉంది. నాన్న దాని మీదే కూచుని మాట్లాడుతున్నాడు.